"తప్పించుక": ఆ చివరి 'క' వ్యతిరేకార్థకమా?

కందాభిమాని: సిడ్నీ సిల్వర్‌మన్ మీద వ్యాసానికి శీర్షిక కావాలి. నెల్సన్ అండ్ కోల్న్ లేబర్ ఎంపీ, ఏనాడూ మంత్రి కాలేదు, బ్రిటన్‌లో హత్యకు ఉరిశిక్ష రద్దు చేసిన 1965 చట్టం ఆయన బిల్లే. సుమతీ శతకం కందం "నొప్పింపక తా నొవ్వక తప్పించుక..." నోట్లో ఆడుతోంది. వరసలో మూడో 'క' కూడా వ్యతిరేకమైతే 'తప్పించుకోకుండా' అని రాదా?

పాతపుటలు: రాదండీ. 'తప్పించు'కు వ్యతిరేకం 'తప్పింపక', 'తప్పించుకొను'కు 'తప్పించుకొనక'. ఇది 'తప్పించుకొని' కుదిస్తే వచ్చింది. తీసుకపో, పట్టుకపో అనేవాళ్లకు ఈ 'క' కొత్తేం కాదు.

గణబద్ధుడు: 'తప్పించుకు' అని చదివేవాళ్లూ ఉన్నారు. గణాలతో అది తేలదు. చుకతిరు, చుకుతిరు రెండూ నలమే (నాలుగు లఘువులు). ఆరో గణం 'గువాడు' జగణం (లఘువు, గురువు, లఘువు), దానికి ఢోకా లేదు.

హాన్సార్డుప్రియ: రూపం అటుంచండి, అర్థమే ఆయనకు అతకదు. 1948లో ఉరి ఆపాలన్న ఆయన సవరణ దిగువ సభ కామన్స్‌లో 245–222తో నెగ్గింది, ఎగువ సభ లార్డ్స్ 181–28తో కొట్టేసింది. 1956లో సొంత బిల్లు మళ్లీ కామన్స్ దాటింది, లార్డ్స్‌లో 238–95తో పోయింది. 1961లో వైమానిక దళ పద్దుల మీద పార్టీకి ఎదురు ఓటేసి విప్ (పార్టీ సభాపక్షంలో చోటు) పోగొట్టుకున్నారు. ఇదా తప్పించుక తిరగడం?

కందాభిమాని: అందుకేగా ఆ 'క' అడిగింది!

హాన్సార్డుప్రియ: అసలు మొదటి పాదం ఆయన ప్రత్యర్థులకు నప్పుతుంది. ప్రైవేటు సభ్యుల (మంత్రులు కాని ఎంపీల) బిల్లులకు దక్కేవి శుక్రవారాలే. వేళ ముగిసేదాకా ఎవరో మాట్లాడుతూనే ఉంటే ఓటింగ్ లేకుండా బిల్లు చస్తుంది. కానీ విషయం దాటినా, చెప్పిందే చెప్పినా స్పీకర్ కూర్చోబెడతారు. కాబట్టి "ఎప్పటికెయ్యది ప్రస్తుత" మో అదే, గంటల తరబడి. చర్చ ఆపించే తీర్మానానికి అనుకూలంగా కనీసం 100 ఓట్లు పడాలి. శుక్రవారం సగంమంది నియోజకవర్గాల్లో ఉంటారు. 1965లో కమిటీ దశను (బిల్లును క్లాజుల వారీగా పరిశీలించే దశ) ప్రత్యర్థులు చిన్న కమిటీ నుంచి పూర్తి సభకు లాగారు. ప్రధాని విల్సన్ ప్రభుత్వం బుధవారం పొద్దుటి సమావేశాలు ఇవ్వకపోతే బిల్లు అక్కడే నానేది.

పాతపుటలు: అయితే తిక్కనగారే దిక్కు. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు". సభలో కృష్ణుడి మాట, ఇంతకంటే ఏం కావాలి?

గణబద్ధుడు: మాస్టారూ, రెండో పాదం 'దక్షు లె' దగ్గర ఆగుతుంది, 'వ్వార' మూడో పాదంలో ప్రాసతో పడుతుంది. శీర్షికలో కలిపేస్తే ఆ విరుపే పోతుంది.

పాతపుటలు: శీర్షికకు ప్రాస ఎందుకయ్యా!

హాన్సార్డుప్రియ: శీర్షిక ఏదైనా, వ్యాసంలో ఒకటి రాయండి. ఆ చట్టం మొదట అయిదేళ్లకే, అది కన్జర్వేటివ్ ఎంపీ హెన్రీ బ్రూక్ సవరణ. 1969 డిసెంబరులో ఉభయ సభలూ శాశ్వతం చేసేనాటికి సిల్వర్‌మన్ లేరు.

కందాభిమాని: రాస్తాను. పోనీ, నేనే 'తప్పించుకోక తిరుగువాడు' అని మార్చేస్తే?

గణబద్ధుడు: 'చుకోక' జగణం, పడేది అయిదో గణంలో. బేసిచోట జగణమా? కందం ఒప్పుకోదు.