ప్లగ్ పీకిన ట్యూబ్ టీవీ: ఇంట్లో విప్పొచ్చా, వద్దా?

జడ్చర్ల:
మా నాయిన 1998లో మహబూబ్‌నగర్‌లో కొన్న 21 ఇంచుల కలర్ టీవీ ఇది. పది రోజుల నుంచి బొమ్మ లేదు. తెర నడుమ అడ్డంగా ఒక తెల్ల గీత, అంతే. వార్తలు మాత్రం చక్కగా వినపడుతున్నాయి. రెండు షాపులు తిరిగాను, ట్యూబ్ టీవీ అంటే మేం ముట్టుకోం అన్నారు. కొత్తది తెస్తానంటే నాయిన ఒప్పుకోవడం లేదు. నాకు బోరు మోటారు స్టార్టర్ విప్పడం, కొద్దిగా సోల్డరింగ్ వచ్చు. ప్లగ్ పీకి ఒక రాత్రి ఉంచితే ఇక భయం లేదని మా బావ అంటున్నాడు. విప్పొచ్చా?

నల్గొండ:
విప్పొద్దు తమ్మీ. ఇరవై రెండేళ్లు ఇదే పని చేసినవాణ్ణి చెప్తున్నా. మీ బావ మాట తప్పు. ఆ పిక్చర్ ట్యూబే ఒక పెద్ద కండెన్సర్, అంటే చార్జిని నిలవ ఉంచుకునేది. గాజుకు లోపల ఒక నల్లపూత, బయట ఒక నల్లపూత ఉంటాయి. కలర్ సెట్‌లో వాటి మధ్య 25 వేల వోల్టుల దాకా నిలుస్తుంది. కొన్ని సెట్లలో త్వరగా దిగిపోతుంది, కొన్నింట్లో రోజుల తరబడి ఉంటుంది. బయట నుంచి చూస్తే తెలియదు.

నా సంగతే చెప్తా. షాపుకొచ్చి రెండు రోజులైన సెట్, చార్జి పోయే ఉంటుందనుకొని, ట్యూబుకు హై వోల్టేజీ తీగ తగిలే చోట ఉండే రబ్బరు క్యాపు ఎత్తాను. ఠప్పుమంది. షాక్ కన్నా చెయ్యి విదిలించుకోవడమే కొంప ముంచింది. మోచెయ్యి వెనక్కి పోయి ట్యూబు మెడకు తగిలింది. సన్నగా సుయ్యిమని గాలి లోపలికి పోయిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చేతికి నాలుగు కుట్లు పడ్డాయి. ట్యూబు పాడైపోతే నా జేబులోంచి కొనిచ్చాను. రోజూ చేసే చెయ్యికే అట్లా అయితే, మొదటిసారి విప్పేవాడి సంగతి ఆలోచించు.

మిర్యాలగూడ:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ 'విప్పొద్దు' అంటే ఒప్పుకోను. షాపులవాళ్లు ముట్టుకోకపోతే ఆ పెద్దాయన టీవీ చెత్తకుప్పకేనా? పైగా ఇది విప్పకూడని ఫాల్టు కాదు. మాట వస్తూ అడ్డగీత ఒక్కటే ఉందంటే బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ సెక్షన్ పోయినట్టు. పాత సెట్లలో చాలాసార్లు ఆ సెక్షన్ ఐసీ (చిప్పు) కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ అవుతుంది, అంటే సోల్డర్ అతుకు పగులుతుంది. కరెంటు లేకుండానే చేసే పని అది.

ఇంకో మాట. అందరూ ట్యూబుకే భయపడతారు. నా లెక్కలో దానికంటే సప్లైలో, అంటే ప్లగ్ నుంచి వచ్చే కరెంటును మార్చే భాగంలో, ఉండే పెద్ద కండెన్సర్ ప్రమాదం. మన 230 వోల్టులు డీసీగా మారితే దాని మీద సుమారు 325 వోల్టులు నిలుస్తుంది. 100 మైక్రోఫారాడ్‌దైనా అయిదు జౌళ్ల శక్తి. ట్యూబు కెపాసిటీ రెండు వేల పికోఫారాడ్లు అనుకుంటే 25 వేల వోల్టుల దగ్గర 0.6 జౌలే.

జడ్చర్ల తమ్ముడూ, ప్లగ్ పీకి, చేతి ఉంగరం, గడియారం తీసెయ్యి. ట్యూబు వెనక నల్లపూత మీద అల్లిన రాగి తీగ కనిపిస్తుంది. వైరుకు ఒక కొసన ఉన్న క్లిప్పును ముందు దానికి పెట్టు, బోర్డుకు కాదు. రెండో కొసను పొడుగు ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కు కట్టి, మొనను రబ్బరు క్యాపు కిందికి మెల్లగా జరిపి లోపలి లోహానికి తగిలించు. ఎడమ చెయ్యి వీపు వెనకే ఉండాలి. పది నిమిషాలాగి మళ్లీ చెయ్యి, ఒకసారి దించినా చార్జి కొంత తిరిగి ఊరుతుంది. సప్లై కండెన్సర్ కాళ్లకు 100 వాట్ల పాత బల్బు హోల్డర్ తీగలు ఆనించి దించి, మీటరుతో సున్నా అయిందో లేదో చూడు. ఆ మీటరు ట్యూబు మీద మాత్రం పెట్టకు, 25 వేలకు అది ఆగదు.

నల్గొండ:
కండెన్సర్ లెక్క నిజమే, సగం మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం మీద మాత్రం నిలబడతా. కరెంటు లేకుండా చేసేంతవరకే ఇంటి పని. మూత తెరిచి ప్లగ్ పెట్టి వోల్టేజీ చూస్తానంటే వద్దు. సప్లై వైపు గ్రౌండే లైవ్‌లో ఉంటుంది, దాన్ని న్యూట్రల్ అనుకొని ముట్టుకుంటే అంతే. సోల్డర్ పట్టి, మూత బిగించి, అప్పుడు ప్లగ్ పెట్టు. ఇంకా గీతే కనబడితే వెంటనే ఆపెయ్. ఆ గీత అట్లాగే వెలిగితే తెర మీద మచ్చ కాలుతుంది. స్క్రూడ్రైవర్ పిడి పగిలి ఉంటే దాన్ని వాడొద్దు. పక్కన ఒక మనిషి ఉండాలి, పిల్లలు ఆ గదిలోకే రావొద్దు.

జడ్చర్ల:
ఆదివారం చేశాను. బావ స్విచ్చు బోర్డు దగ్గర నిలబడ్డాడు. శనివారం పొద్దున్నే ప్లగ్ పీకినా, స్క్రూడ్రైవర్ తగలగానే టిక్కుమని వినపడింది. బావ మొహం చూడాల్సింది. ఫోను లైటు వేసి చూస్తే ఐసీ మూడో కాలు చుట్టూ వెంట్రుక మందాన నల్లటి ఉంగరంలా పగులు ఉంది. పాత సీసం తీసి అన్ని కాళ్లకూ కొత్తది పట్టాను. బొమ్మ వచ్చింది! నాయిన కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు. కానీ కింద రెండు వేళ్ల మందాన బొమ్మ నొక్కుకుపోయినట్టు ఉంది.

మిర్యాలగూడ:
అయితే ఐసీ బాగానే ఉంది. దాని పక్కన కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది. వేడికి ముందు అవే పోతాయి.

జడ్చర్ల:
దాని మీద 1000 మైక్రో, 35 వోల్టులని ఉంది. నాకు 50 వోల్టులది దొరికింది. వేయొచ్చా?

నల్గొండ:
మైక్రో అంతే ఉంటే వేయొచ్చు, జాగాలో పట్టాలి. మైనస్ గీత ఎటు ఉందో తీసేముందే ఫోటో తీసుకో. ట్యూబు చార్జి మళ్లీ మొదటి నుంచి దించు, మొన్న దించాను కదా అనుకోకు. ఆ తర్వాత టీవీ నడిచింది కదా.