మయోర్కాలో వారం రోజులు: సా కలోబ్రా మొదటి రోజే ఎక్కాలా, తర్వాతికి ఉంచాలా?

చీపురుపల్లి చైన్:
ఏప్రిల్‌లో మేం నలుగురం, ఇద్దరు విజయనగరం, ఇద్దరు శ్రీకాకుళం, స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వారం రోజుల సైక్లింగ్ ట్రైనింగ్‌కి వెళ్తున్నాం. బస పోర్ట్ దె పొయెన్సాలో. టికెట్లు అయిపోయాయి, అద్దె సైకిళ్లు ఇంకా బుక్ చేయలేదు. గొడవంతా రూట్ల దగ్గరే. మా బావ రోజుకి 2,000 మీటర్ల ఎక్కుడు చొప్పున ఎక్సెల్ షీట్ తయారు చేసి, మొదటి రోజే సా కలోబ్రా పెట్టేశాడు. నేనేమో ముందు కాస్త చదునులో తిరిగి తర్వాత కొండలకి వెళ్దాం అన్నాను. అంతే, పిరికివాడి కింద జమకట్టేశారు.

తెలియనివాళ్ల కోసం: సా కలోబ్రా రోడ్డు సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. 682 మీటర్ల కనుమ నుంచి సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు దిగి, మళ్లీ అదే రోడ్డున ఎక్కి రావాలి. సగటు వాలు 7 శాతం. ఏమంటారు?

బొబ్బిలి గేరు:
మీ బావకే నా ఓటు. చదును కావాలంటే శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా తొక్కుకోవచ్చు, దానికి వీసా అక్కర్లేదు. కాళ్లు తాజాగా ఉండేది మొదట్లోనే. పైగా ఏప్రిల్‌లో అక్కడి కొండల మీద వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఆకాశం తేటగా ఉన్న మొదటి రోజే పెద్ద కొండ కొట్టేయాలి. తర్వాతికి ఉంచుకుని, ఆ రోజు మబ్బు పడితే హోటల్లో కూర్చుని కాఫీ తాగుతారా?

గోస్తనీ గట్టు:
బొబ్బిలి గారూ, వాన సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

ట్రైనింగ్ రూట్ వేసేటప్పుడు నేను మొదట చూసేది మీటర్లు కాదు, ఒంట్లో బాగోలేకపోతే ఎక్కడి నుంచి వెనక్కి రావచ్చు అన్నది. మామూలు కొండ ఎక్కేటప్పుడు కాళ్లు పట్టేస్తే సైకిల్ తిప్పి దిగిపోతాం. సా కలోబ్రాలో కథ తిరగబడుతుంది. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. కాళ్లలో సత్తువ లేదని తెలిసేసరికి మీరు అడుగున ఉంటారు. అక్కడి నుంచి పోర్ట్ దె సోయెర్ అనే రేవు ఊరికి పడవ నడుస్తుంది గాని, అది సముద్రం అనుకూలంగా ఉంటేనే. దాన్ని నమ్ముకుని దిగకూడదు. మీ బస నుంచి రానుపోను సుమారు 100 కిలోమీటర్లు అవుతుంది. కనుమ పైకి వచ్చాక కూడా ఇంటికి దారి చాలానే మిగిలి ఉంటుంది.

అదే మొదటి పెద్ద రోజుకి పొయెన్సా మీదుగా కోల్ దె ఫెమెనియా (కోల్ అంటే కనుమ) ఎక్కి, యుక్ మఠం దగ్గర ఆగి, కోల్ దె సా బతాయా నుంచి కైమారికి దిగే చుట్టు రూట్ పెట్టుకోండి. ఫెమెనియా ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, పైన 500 మీటర్ల పైచిలుకు. మఠం దగ్గర మీకు రెండు దార్లుంటాయి: బాగుంటే ముందుకి, బాగోకపోతే వచ్చిన దారినే. కైమారి నుంచి చదునే.

పలాస పెడల్:
నాకొకటి అర్థం కాదు. మన ఎస్.కోట దాటాక అరకు ఘాట్ ఏం తక్కువ? ఆ పక్కనే రైలు మార్గంలో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. సా కలోబ్రా కనుమ దానికన్నా 300 మీటర్లు కింద! అన్ని లక్షలు పోసి పొట్టి కొండ ఎక్కడానికి దీవికెళ్లడం ఏటండీ?

గోస్తనీ గట్టు:
ఎత్తు లెక్క నిజమే. అరకు ఘాట్ ఎక్కినవాడికి సా కలోబ్రా ఎక్కుడు కొత్తేమీ కాదు. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, మన ఘాట్‌లో వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటే. అక్కడ దీవి ఉత్తరపు అంచున ట్రమున్తానా కొండలు, వాటి దిగువన సినేయు, పెత్రా లాంటి ఊళ్ల మధ్య చిన్న చిన్న రోడ్లు. ఎక్కినచోట దిగక్కర్లేదు, రోజుకో చుట్టు కట్టుకోవచ్చు. రెండోది ట్రాఫిక్. సాలూరు ఘాట్‌లో కోరాపుట్ లారీ వెనక ఆ పొగ మింగుతూ ఎక్కినవాళ్లకి ఇది వేరే చెప్పాలా? స్పెయిన్‌లో సైకిల్‌ని దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని చట్టం. అయితే టూరిస్టు బస్సులు సా కలోబ్రాకీ దిగుతాయి. పొద్దున్నే వెళ్లి, అవి వచ్చేలోపు పైకి వచ్చేయడం మేలు.

నాగావళి నేత్ర:
అందరూ ఎక్కుడు గురించే కొట్టుకుంటున్నారు. మనలాంటి మైదానం వాళ్లకి ఎక్కడం ఓపిక ఉంటే వస్తుంది, దిగడం అలా రాదు. సా కలోబ్రాలో హెయిర్‌పిన్ మలుపులు ఇరవైకి పైనే. ఒకచోట రోడ్డు మెలి తిరిగి తన కిందనుంచే దూరిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని ‘టై ముడి’ అంటారు. 1930ల్లో అంతోనియో పరియెత్తి అనే ఇంజినీరు వేసిన రోడ్డు అది.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి. చదునులో ఇది గంటలో అలవాటైపోతుంది. కానీ మలుపులో ఎదురుగా బస్సు కనిపించగానే మన ఒళ్లు తనంతట తాను ఎడమకి లాగుతుంది. దానికి తోడు బ్రేకులు. మన దగ్గర చాలా సైకిళ్లకి కుడి చేతి బ్రేక్ ముందు చక్రానిది. అక్కడి అద్దె సైకిళ్లకి సాధారణంగా ఎడమ చేతిది ముందు చక్రానిది. తడి రోడ్డు మీద కంగారులో ఎడమ చెయ్యి బిగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. బుక్ చేసేటప్పుడే చెప్పి మార్పించుకోవాలి. వెనక 34 పళ్ల క్యాసెట్ (ఎక్కుడు తేలిక చేసే గేరు చక్రాల కట్ట) కూడా అప్పుడే అడగండి, మొహమాటం వద్దు.

అందుకే మొదటి రోజు చదునే సరి. పెత్రా దాకా వెళ్లి, అక్కడ చౌక్‌లో కాఫీ తాగి, పక్కనే బొనాని కొండ ఎక్కి దిగండి. 300 మీటర్లు దాటిన గుట్టే గాని, కుడి పక్క మలుపులు ప్రాక్టీస్ చేయడానికి చాలు.

ఎక్సెల్ బావ:
ఆ షీట్ ఓనర్ని నేనే. మా బావమరిది సగమే చెప్పాడు. 2,000 ఊరికే పెట్టలేదు. లెక్క లేకపోతే వీళ్లు రోజూ పన్నెండింటికే కాఫీ షాపులో తేలతారు, నాకు తెలుసు. ఒక అంకె ఉంటే టెన్షన్ ఉంటుంది, టెన్షన్ ఉంటే తొక్కుతారు. మీరంతా జాగ్రత్తలు చెబుతున్నారు గాని, ట్రైనింగ్ అంటే ఒంటికి అలవాటు లేనిది చేయడమే కదా?

గోస్తనీ గట్టు:
బావగారూ, అంకె ఉండాలి. కానీ ఆ 2,000 ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా? రూట్ యాప్‌లు చాలావరకు నేల మ్యాప్ నుంచి ఎత్తు లెక్కకడతాయి. సొరంగం ఉన్నచోట మీరు కొండ లోపలినుంచి పోతారు, యాప్ మాత్రం మిమ్మల్ని కొండ మీదికి ఎక్కించి దించుతుంది. లోయ అంచున రోడ్డు గీత కాస్త పక్కకి జరిగినా అంతే, మీటర్లు ఊరికే పెరిగిపోతాయి. ఫోర్మెంతోర్ దీపస్తంభం (లైట్‌హౌస్) రూట్ ఇంకో రకం. ఎక్కడా పెద్ద కొండ ఉండదు, ఎక్కడం దిగడం ఎక్కడం, పైనుంచి సముద్రపు గాలి. ఆ రోజు మీటర్లు తక్కువ, అలసట ఎక్కువ.

మీకు అంకే కావాలంటే నిమిషాలు రాసుకోండి. ఆగకుండా ఎంతసేపు ఎక్కారు అన్నది. సా కలోబ్రా మామూలు రైడర్‌కి ముప్పావు గంట నుంచి గంట పైన పడుతుంది. ఫెమెనియా దానికన్నా తక్కువ. ఆ వరసలో పెంచుకుంటూ పొండి, లెక్కకి లెక్కా ఉంటుంది, మోకాళ్లూ మిగులుతాయి.

ఇంకోటి, దీవి రాజధాని పాల్మా వైపు రూట్ వేసేటప్పుడు చూసుకోండి: సోయెర్ సొరంగంలోకి సైకిళ్లని రానివ్వరు. పాత కోల్ దె సోయెర్ మలుపుల రోడ్డే గతి. మిగతా సొరంగాలకి లైటు పెట్టుకెళ్లండి.

బొబ్బిలి గేరు:
ఇంత రాశారు గాని నా వాన ప్రశ్నకి జవాబు రాలేదు. సా కలోబ్రాని మూడో రోజుకి పెట్టుకుంటే, ఆ రోజు కుండపోత అయితే?

నాగావళి నేత్ర:
అయితే నాలుగో రోజు. వారం ఉంది కదా. తడిలో ఆ దిగుడు నేను మాత్రం దిగను.

ఎక్సెల్ బావ:
సరే, షీట్ మార్చాను. మొదటి రోజు పెత్రా, రెండోది యుక్ చుట్టు, మూడోది సా కలోబ్రా. కానీ రెండో రోజు ఎండ, ఆ తర్వాత మూడు రోజులూ వాన అని ఫోర్‌కాస్ట్ చెబితే మాత్రం రెండో రోజే దిగుతాను. వచ్చేవాళ్లు రండి.

చీపురుపల్లి చైన్:
యుక్ మఠం దాకా నీతో వస్తాను బావా. అక్కడ నా కాళ్లు ఏం చెబితే అది. అద్దె షాపుకి బ్రేకులు మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టాను, నలుగురికీ.