ఉగాది విరాళాలు: ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఏఈడీ సామగ్రి, ఎవరు ఏ పని చూడాలి

విరాళాల సమన్వయం: అందరికీ నమస్కారం. ఈసారి ఉగాదికి వచ్చే విరాళాలు మన సిటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి, గుండె ఆగిన కేసుల్లో వాడే సామగ్రికి ఇద్దామని మన సంఘం కమిటీ అనుకుంది. కొత్త ఏఈడీ (గుండె లయ తప్పి ఆగినప్పుడు షాక్ ఇచ్చే మిషన్) ఒకటి కొని స్టేజీ మీద అందిద్దామని కొందరంటున్నారు. మెడికల్ టీమ్ ఏమంటుంది?

మెడికల్ టీమ్: మనం కొనొద్దండీ. మిషన్ ఏళ్ల తరబడి ఉంటుంది. మాటిమాటికీ అయిపోయేవి ప్యాడ్లు (షాక్ ఇవ్వడానికి ఛాతీకి అంటించేవి), బ్యాటరీలు. ప్యాడ్ వెనక ఉండే జెల్, కవరు విప్పకపోయినా కొన్నేళ్లకి ఆరిపోతుంది, అందుకే దాని మీద ఎక్స్‌పైరీ తేదీ వేస్తారు. ఆరిన ప్యాడ్ చర్మానికి సరిగ్గా అంటదు. అంటకపోతే మిషన్ ప్యాడ్లు చూసుకోమని చెబుతూనే ఉంటుంది, షాక్ ఇవ్వదు. సీపీఆర్ (ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) కూడా అందకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఒకరికి వాడిన ప్యాడ్లు ఇంకొకరికి పనికిరావు. ఇంకో చిక్కు, ఒక కంపెనీ ప్యాడ్ల ప్లగ్గు ఇంకో కంపెనీ మిషన్‌లో పట్టదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికాయని తెస్తే మూలన పడేయాల్సిందే. ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) ఆమోదం మిషన్‌కే కాదు, దాని ప్యాడ్లకీ బ్యాటరీకీ ఉండాలి.

అందుకని ముందు ఫైర్ డిపార్ట్‌మెంట్ ఈఎంఎస్ (అత్యవసర వైద్య సేవల) చీఫ్‌కి ఉత్తరం రాద్దాం. అడగాల్సినవి: ఏ బండిలో ఏ మోడల్ ఉంది, పెద్దల ప్యాడ్లు ఎన్ని సెట్లు కావాలి, పిల్లల ప్యాడ్లు ఎన్ని (8 ఏళ్లలోపు లేదా 55 పౌండ్లలోపు పిల్లలకి), ఏ బ్యాటరీలు ఎప్పుడు మార్చాలి. పట్టిక వాళ్లే ఇవ్వాలి, కొనుగోలూ వాళ్లే చేయాలి. అన్నీ ఒకే తేదీకి ఎక్స్‌పైర్ కాకుండా విడతలుగా తెప్పించుకోవడం వాళ్లకి వీలవుతుంది.

కోశాధికారి: చెక్కు ఎవరి పేరున రాయాలో కూడా ఆ ఉత్తరంలోనే అడగండి. ఫైర్‌ఫైటర్ల చారిటీ వేరు, సిటీ వేరు. సిటీకి ఇస్తే "ఫైర్ డిపార్ట్‌మెంట్ గుండె అత్యవసర సామగ్రికి మాత్రమే" అని రాసివ్వాలి, లేదంటే డబ్బు సిటీ మామూలు ఖర్చుల జనరల్ ఫండ్‌లో కలిసిపోవచ్చు. కొన్ని సిటీల్లో విరాళం తీసుకోడానికి కౌన్సిల్ ఆమోదం కావాలి, దానికి వారాలు పట్టొచ్చు. తేదీ తెలియకుండా ఫ్లయర్ వేయకండి.

రసీదుల సంగతి. 250 డాలర్లూ ఆపైన ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు కావాలంటే రాతపూర్వక రసీదు తప్పనిసరి. భోజనంతో కలిపి టికెట్ అమ్మితే భోజనం విలువ పోగా మిగిలిందే విరాళం. అలాంటి టికెట్ 75 డాలర్లు దాటితే ఆ లెక్క రాసివ్వాలి. అందుకే భోజనం టికెట్ వేరు, విరాళం వేరుగా పెడదాం. కంపెనీ మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ కూడా కలిపి ఇవ్వడం) కోరేవాళ్లు మన సంఘానికే ఇవ్వాలి, సంఘం సిటీకి పంపుతుంది.

హాలు ఏర్పాట్లు: ఫైరింజన్ వస్తుందంటే పిల్లలు ఎగబడతారు. బండి ముందు ఒక్క కారు కూడా ఆగకూడదు, 911 (అత్యవసర) కాల్ వస్తే సిబ్బంది మధ్యలోనే వెళ్లిపోతారు. చెక్కు ఇచ్చే కార్యక్రమాన్ని ఫలానా నిమిషానికని కట్టేయకండి. వాళ్లు వెళ్లిపోయినా సీపీఆర్ నేర్పే స్టాల్ నడపడానికి మన శిక్షకులు ఇద్దరు ఉండాలి.

మెడికల్ టీమ్: స్టాల్‌కి సాధన చేసే మనిషి బొమ్మలు నాలుగు, ట్రైనింగ్ ఏఈడీలు రెండు చాలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఛాతీ నొక్కే లోతు కనీసం 2 అంగుళాలు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవాలి, అలసిపోయినవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే.

ఒక బొమ్మకి చీర, జాకెట్టు, మెడలో గొలుసు వేసి పెడదాం. ఆడవాళ్లు పడిపోతే జాకెట్టు కత్తిరించడానికి మనవాళ్లు జంకుతారు, ఆ జంకులోనే నిమిషాలు పోతాయి. ప్యాడ్ ఒట్టి చర్మం మీదే అంటాలి: ఒకటి కుడి కాలరెముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. మంగళసూత్రం తీయక్కర్లేదు, ప్యాడ్ కిందికి రాకుండా పక్కకి జరిపితే చాలు. చెమట ఉంటే తుడవాలి, కాబట్టి కత్తెర, టవల్ స్టాల్ మీద ఉండాలి.

విరాళాల సమన్వయం: సరేనండీ. ఉత్తరం రేపు ఇక్కడ పెడతాను. జవాబు వచ్చేదాకా ఫ్లయర్ ఆపుతున్నాం. బొమ్మలు అద్దెకి ఎవరిస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.