‘కణాధార ధర్మాలు’లో కణం ఏది?

బెంగళూరు మారతహళ్ళిలో పీయూసీ (ఇంటర్) పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతుంటాను. కాలేజీలో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ద్రావణంలోని కణాల సంఖ్యను బట్టి మారే కొలిగేటివ్ ప్రాపర్టీస్‌ని మన పుస్తకాల్లో ‘కణాధార ధర్మాలు’ అంటారని చెప్పగానే ఒకడు, “కణమంటే సెల్ కదా సార్!” అన్నాడు. వాడన్నదీ నిజమే, బయాలజీలో అదే మాట. ‘రేణువు’ అని మార్చితే మేలా?

— వద్దు సార్. రేణువంటే ఇసుకే గుర్తొస్తుంది. పైగా ఇంగ్లిష్ మాట లాటిన్‌లో ‘కలిపి కట్టడం’ నుంచి వచ్చింది, అందులో అసలు విషయం కనబడదు. మన మాటలో సూటిగా ఉంది: ద్రావితం (కరిగిన పదార్థం) ఏమిటన్నది కాదు, ద్రావణంలో ఎన్ని కణాలున్నాయన్నదే లెక్క. కిలో నీళ్లలో ఒక మోల్ గ్లూకోజు కలిపితే ఘనీభవన స్థానం (గడ్డకట్టే ఉష్ణోగ్రత) లెక్క ప్రకారం 1.86 డిగ్రీలు తగ్గాలి. ఉప్పయితే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది కాబట్టి 3.72. కొలిస్తే మాత్రం సుమారు 3.4 వస్తుంది, అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి మరి.

— ఉప్పు అలా అయాన్లుగా విడిపోవడం వియోజనం. దీనికి ఎదురుది ‘సాహచర్యం’, నాకు నచ్చని మాట. స్నేహితుల సంగతిలా ఉంటుంది. బెంజీన్‌లో ఎసిటిక్ ఆమ్లం అణువులు హైడ్రోజన్ బంధాలతో రెండేసి కలిసిపోతాయి. కణాలు దాదాపు సగమవుతాయి, వాంట్ హాఫ్ గుణకం (కలిపిన ఒక్కో అణువుకు ద్రావణంలో లెక్కకొచ్చే కణాల సంఖ్య) 0.5 దగ్గరకొస్తుంది. 60 ఉండాల్సిన అణుభారం ప్రయోగంలో 120 దగ్గర తేలుతుంది. ‘జతకట్టడం’ అంటే పోలేదా?

— మూడు కలిస్తే జత అనలేం మేడమ్. సాహచర్యాన్నే ఉండనివ్వండి.

— సార్, పిల్లలకు సెలైన్ సీసా చూపించండి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే 0.154 మోల్. 5 శాతం గ్లూకోజు సీసాలో 50 గ్రాములు, 0.278 మోల్. ఉప్పు రెండుగా విడిపోతుంది కనుక 0.308 అవుతుంది. ద్రవాభిసరణ పీడనం (పలుచని పొర గుండా నీళ్లు లోపలికి రాకుండా ఆపడానికి కావలసిన పీడనం) రెండింటికీ దగ్గరదగ్గరే, రక్తానికీ దగ్గరే. ఉత్త నీళ్లు ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి. చూశారా, ఇక్కడ మీవాడి కణం, మన కణం రెండూ వచ్చేశాయి!

— అదే నా టెన్షన్ అండీ! సరే, పేరు మార్చను. సెలైన్ లెక్కతోనే మొదలుపెడతాను. రక్తం దగ్గర మాత్రం ‘సెల్’ అనే అంటాను, ఏమనుకోకండి.