అప్‌డేట్: మా అమ్మాయికి వేసవిలో ఆన్‌లైన్ పని దొరికింది

ఇంటర్ ఫస్టియర్ రాసిన మా అమ్మాయి సెలవుల్లో ఇంట్లోంచే ఏమైనా సంపాదించుకోగలదా, 999 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్న డేటా ఎంట్రీ పనిని నమ్మొచ్చా అని ఏప్రిల్‌లో అడిగాను కదా. కట్టొద్దని గట్టిగా చెప్పిన అందరికీ థాంక్స్, కట్టలేదు. ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆన్‌లైన్‌లో విడి పనులు దొరికే అప్‌వర్క్ సైట్ కుదరలేదు, దానికి 18 ఏళ్లు నిండాలి. ల్యాప్‌టాప్ కొనాలేమోనన్న టెన్షన్ కూడా అనవసరమే, ఫోన్ సరిపోయింది.

పనికొచ్చింది ట్యూషన్ సలహా. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు పిల్లలిద్దరికీ రోజూ పొద్దున ఏడింటికి, అంటే వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నరకి, అరగంట తెలుగు చెబుతోంది. పలక మీద పెద్దగా ‘మ’, పక్కనే ‘య’ రాసి కెమెరాకి చూపిస్తూ ఎంత ఓపిగ్గా దిద్దిస్తోందో! వాళ్ల స్నేహితురాలు కూడా చేరింది. ఒక్కో పిల్లకి నెలకి 1,500 రూపాయల ఫీజు. పదేళ్లు దాటితే మైనర్ పేరు మీదే ఖాతా తెరవొచ్చని బ్యాంకులో చెప్పారు, డబ్బు అందులోనే పడుతోంది.