మొదటి క్రిస్మస్ లంచ్, నా వంతుకు గ్లేజ్డ్ హ్యామ్ వచ్చింది: ఎట్ల చేయాలె?

ఉప్పల్ టు డాలస్:
అన్నలూ, అక్కలూ, నమస్తే. ఆఫీసు టీమ్ అంతా తలా ఒకటి వండుకొచ్చే లంచ్ పెట్టుకున్నం, శనివారం ఒంటి గంటకు, మేనేజర్ ఇంట్ల. హ్యామ్, అంటే ఉప్పు పట్టించిన పంది తొడ మాంసం, నాకు పడ్డది. ఇప్పటిదాక పోర్క్ ముట్టుకోలే. స్టోర్‌ల ఒకటి కొన్న, 8.2 పౌండ్లు, ఫ్రీజర్ల పెట్టిన. లేబుల్ మీద ఫుల్లీ కుక్డ్, బోన్-ఇన్, స్పైరల్ స్లైస్డ్ (చుట్టూ రేకులుగా ముందే కోసింది) అని ఉంది. కానీ కవర్‌లకెళ్లి చూస్తే మాంసం గులాబీ రంగుల ఉంది, పచ్చిదే అనిపిస్తుంది. కుక్కర్ల నాలుగు విజిల్స్ ఇయ్యాల్నా? 12 మందికి సరిపోతదా? ఇయ్యాల మంగళవారం.

సికింద్రాబాద్ అక్క:
తమ్ముడూ, కుక్కర్ జోలికి పోకు. అది ఉడికిన మాంసమే. గులాబీ రంగు పచ్చితనం కాదు, ఉప్పుతో పాటు వేసే నైట్రైట్ వల్ల వచ్చే రంగు. ఎంతసేపు వేడి చేసినా అట్లనే ఉంటది. మటన్ లెక్క రంగు చూసి, ముక్క నొక్కి తెలుసుకుందామంటే కుదరదు. నీ పని వండుడు కాదు, ఎండిపోకుండ వేడి చేసి, చివర్ల గ్లేజ్, అంటే తీపి పైపూత, వేసుడు. అంతే.

బొక్కతో, అంటే ఎముకతో, ఉన్నదానికి మనిషికి అర పౌండు నుంచి ముప్పావు పౌండు లెక్క. మిగతా వంటలు కూడా వస్తయి కాబట్టి 12 మందికి నీది సరిపోతది.

ముందుగాల ఇయ్యాల్నే ఫ్రీజర్ల నుంచి తీసి ఫ్రిజ్ కింది అరల పెట్టు, కింద ఒక ట్రే ఉంచు. ఫ్రిజ్‌ల కరగనీకి పౌండుకు 5–6 గంటలు, అంటే నీదానికి దాదాపు రెండు రోజులు పడతది. మర్చిపోతే కవర్ విప్పకుండనే చల్ల నీళ్లల్ల ముంచి, అరగంటకొకసారి నీళ్లు మార్చు. కిచెన్ గట్టు మీద మాత్రం రాత్రంతా వదిలెయ్యకు. లోపల గడ్డకట్టే ఉంటది, పైన మాత్రం పాడైతది.

మల్కాజ్‌గిరి మామ:
అక్క చెప్పింది కరెక్ట్. ఓవెన్ లెక్కలు నేను చెప్తా.

ఓవెన్ 325 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 163 సెల్సియస్. అంతకంటే తక్కువ పెట్టొద్దు. బేక్ బటన్ నొక్కు, బ్రాయిల్ కాదు. అద్దె ఇళ్ల ఓవెన్లు కొత్తవాళ్లని ఎక్కువగా ముంచేది ఇక్కడే. బ్రాయిల్‌లో పైనుంచి మాత్రమే మంట, పది నిమిషాల్లో పైన బొగ్గు, లోపల చల్లగా. ర్యాక్ కింది అరలో పెట్టు, హ్యామ్ ఎత్తు ఎక్కువ కదా.

పైన వల ఉంటే విప్పు. కోసిన వైపు బొక్క మొన మీద చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, దాన్ని కచ్చితంగా తీసెయ్యి. కనపడదు, కానీ వేడికి కరిగి మాంసానికి అంటుకుంటుంది. లోపల గ్లేజ్ పొడి పొట్లం ఉంటే అది కూడా బయటికి తియ్యి.

కోసిన వైపు కిందికి పెట్టి ట్రేలో బోర్లించు, అడుగున ఒక కప్పు నీళ్లు పొయ్యి. ఇక దమ్ బిర్యానీ గుర్తు తెచ్చుకో. గిన్నె మూతకి పిండి పెట్టి ఆవిరి ఎట్ల ఆపుతామో, అట్లనే అల్యూమినియం ఫాయిల్‌ను ట్రే అంచుల చుట్టూ గట్టిగా నొక్కు. ఒక మూల లేచి ఉన్నా ఆవిరంతా పోయి స్పైరల్ ముక్కల అంచులు అట్టముక్కలవుతాయి. ముందే రేకులు రేకులుగా కోసింది కాబట్టి స్పైరల్ హ్యామ్ మిగతా రకాలకంటే తొందరగా ఎండుతుంది.

టైము పౌండుకు 10–18 నిమిషాలు. నీ 8.2 పౌండ్లకు గంటా ఇరవై నుంచి రెండున్నర గంటల దాకా. ఇంత తేడా ఎందుకంటే ఓవెన్లన్నీ ఒక్కలా ఉండవు, ఫ్రిజ్‌లోంచి వచ్చే హ్యామ్ చల్లదనం కూడా ఒకటే కాదు. గడియారాన్ని నమ్ముకోకు, పదిహేను డాలర్ల లోపు డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొను. మందంగా ఉన్నచోట గుచ్చు, బొక్కకు తగలకుండా. బొక్కకు తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. 120–125 వచ్చినప్పుడు ఫాయిల్ తీసి గ్లేజ్ వెయ్యి, 140 ఫారెన్‌హీట్ అంటే 60 సెల్సియస్‌కి బయటికి తియ్యి. ఫ్యాక్టరీ ప్యాకింగ్ విప్పని హ్యామ్‌కే 140. స్టోర్‌వాళ్లు విప్పి మళ్లీ కవర్ చుట్టింది అయితే 165 దాకా వేడి చెయ్యాలి.

ఉప్పల్ టు డాలస్:
ఫ్యాక్టరీ ప్యాకే మామా, సీల్ ఉంది. లోపల పొట్లం గూడ కనిపిస్తుంది. గ్లేజ్ అదే కలుపుతే సరిపోదా?

వెస్ట్ మారేడ్‌పల్లి చెఫ్:
పొట్లంలోది ఎక్కువగా చక్కెర, మసాలా వాసన. పనికొస్తుంది, కానీ ఒక్కటే తీపి. ఇంట్లో చేసుకుంటే పది నిమిషాలే.

మామూలు పద్ధతి: ఒక కప్పు బ్రౌన్ షుగర్, పావు కప్పు తేనె, 2 టేబుల్ స్పూన్ల డిజాన్ మస్టర్డ్ (ఆవాల పేస్ట్), 2 టేబుల్ స్పూన్ల ఆపిల్ సైడర్ వెనిగర్, పావు టీస్పూన్ లవంగం పొడి. ఉప్పు వద్దు, హ్యామ్ లోనే కావలసినంత ఉంటుంది.

మన దారిలో: 200 గ్రాముల బెల్లం పావు కప్పు నీళ్లలో కరిగించి తప్పకుండా వడగట్టు, ఇక్కడి ఇండియన్ స్టోర్ బెల్లంలో ఇసుక ఉంటుంది. చిక్కటి చింతపండు గుజ్జు ఒక టేబుల్ స్పూను, మస్టర్డ్ రెండు, తురిమిన అల్లం ఒక టీస్పూను, ఎండుమిరప పొడి అర టీస్పూను, మూడు లవంగాలు దంచి. సన్న సెగ మీద మరిగించు. ఇప్పుడు పాకం చూసుకోవడమే అసలు విషయం. చల్లని ప్లేట్ మీద ఒక చుక్క వేసి వంచితే మెల్లగా జారాలి. నీళ్లలా పరుగెత్తితే ఇంకో రెండు నిమిషాలు. రెండు వేళ్ల మధ్య తీగ సాగిందంటే దాటిపోయింది, ఒక స్పూను వేణ్నీళ్లు కలిపి వెనక్కి తెచ్చుకో. ఉండ పాకం దాకా పోనిచ్చావో, హ్యామ్ మీద పల్లీ పట్టీ చేసినట్టే: కత్తి పడదు, పళ్లూ పట్టవు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది, అందుకే కొంచెం పల్చగా ఉన్నప్పుడే దించు.

వేసే ముందు రెండు పనులు. ట్రేలో చేరిన నీళ్లు ఒంపెయ్యి, కొంచెం దాచు. పేపర్ టవల్‌తో హ్యామ్ పైభాగం తుడువు. తడి మీద, కొవ్వు జిడ్డు మీద గ్లేజ్ నిలవదు, జారి ట్రేలోకి పోయి అక్కడ మాడుతుంది. గ్లేజ్ పనిచెయ్యలేదనే ఫిర్యాదులకు చాలావరకు కారణం ఇదే. ఓవెన్ 400 (దాదాపు 200 సెల్సియస్) కి పెంచి, మూడో వంతు గ్లేజ్ బ్రష్‌తో పూయి, ముక్కల మధ్యలో కూడా కొంచెం. పది నిమిషాలయ్యాక ఇంకోసారి, మళ్లీ పది నిమిషాలకు చివరిది. మొదటి నుంచీ పూయొద్దు, గంట సేపట్లో చక్కెర నల్లబడి చేదెక్కుతుంది. బెల్లం అయితే ఇంకా త్వరగా రంగు తిరుగుతుంది, చివరి అయిదు నిమిషాలు తలుపు దగ్గరే ఉండు. ఒకచోట ముదురుతుంటే అక్కడ మాత్రం చిన్న ఫాయిల్ ముక్క కప్పు. ట్రేకి అడుగున ముందే ఫాయిల్ పరిస్తే కడగడం తప్పుతుంది, పొగకి అలారం మోగడమూ తగ్గుతుంది.

తార్నాక పిల్ల:
చెఫ్ గారూ, ఫోటోల్లో పైన డైమండ్ గీతలు, ప్రతి కూడలికీ ఒక లవంగం గుచ్చి ఉంటాయి కదా, అవి చెయ్యాలా?

వెస్ట్ మారేడ్‌పల్లి చెఫ్:
స్పైరల్‌కి వద్దు, అది ఇప్పటికే కోసింది. కోయని హ్యామ్ అయితే పైన తోలు ఉంటే తీసి, అర సెంటీమీటరు కొవ్వు ఉంచి, కొవ్వు లోతు వరకే అంగుళం డైమండ్లు గీస్తారు. మాంసంలోకి దిగితే రసం పోతుంది. లవంగాలు చూడటానికే బాగుంటాయి, తినేవాళ్ల నోట్లో ఒకటి పడిందంటే మాత్రం లంచ్ అంతా అదే రుచి. పొడి చాలు.

సికింద్రాబాద్ అక్క:
తమ్ముడూ, శనివారం లెక్క ఇది. తొమ్మిదికి ఫ్రిజ్‌ల నుంచి తియ్యి, తొమ్మిదిన్నరకు ఓవెన్ ఆన్, పావు తక్కువ పదికి హ్యామ్ లోపలికి. గ్లేజ్ పదకొండున్నర చుట్టూ మొదలైతది, పన్నెండు కల్లా బయటికి. పదిహేను నిమిషాలు ఊరుకోనీ, రసం లోపల సర్దుకుంటది. తర్వాత ఫాయిల్ చుట్టి, రెండు తువ్వాళ్లల్ల చుట్టి, ఖాళీ కూలర్ డబ్బాల పెట్టుకొని పో. పొద్దుగాల్ల కూలర్ల వేణ్నీళ్లు పోసి పెట్టి, హ్యామ్ పెట్టే ముందు ఒంపేస్తే ఇంకా వేడి నిలుస్తది. దాచిన రసం ఫ్లాస్క్‌ల తీస్కపో, వడ్డించేటప్పుడు ముక్కల మీద రెండు స్పూన్లు పొయ్యి.

మీ టీమ్‌ల పోర్క్ తిననోళ్లు ఉండొచ్చు, ముస్లింలే కాదు, మనోళ్లల్ల గూడ చాలామంది. ట్రే ముందట "పోర్క్" అని పెద్ద అక్షరాలతో చీటి పెట్టు. హ్యామ్ అంటే ఏందో తెల్వనోళ్లు ఉంటరు, నువ్వే నిన్నటిదాక ఆ లెక్కల ఉన్నవు. కత్తి, పట్టకార వేరేవి తీస్కపో, వేరే డిష్‌లకు వాటిని తాకనియ్యకు.

మల్కాజ్‌గిరి మామ:
ఇంకొకటి, వచ్చేసారి కొనేటప్పుడు: లేబుల్ మీద "హ్యామ్ విత్ నేచురల్ జ్యూసెస్" ఉంటే తీసుకో. "వాటర్ యాడెడ్" అంటే నీళ్లకు డబ్బులు కడుతున్నావు, ట్రేలోకి అన్నీ అవే దిగుతాయి. "కంట్రీ హ్యామ్" వేరే జాతి, ఉప్పులో ఎండబెట్టింది, ఒకటి రెండు రోజులు నానబెట్టకపోతే తినలేం. "ఫ్రెష్ హ్యామ్" అయితే నిజంగానే పచ్చిది, 145 దాకా ఉడికి మూడు నిమిషాలు ఆగాలి.

ఉప్పల్ టు డాలస్:
అందరికీ థ్యాంక్స్. మిగిలితే?

సికింద్రాబాద్ అక్క:
రెండు గంటల్లోపు ఫ్రిజ్‌ల పెట్టు, మూడు నాలుగు రోజులల్ల తినెయ్యి, లేకుంటే ఫ్రీజర్. బొక్క పారెయ్యకు. కిలో నీళ్లకు ఒక కప్పు ఎండు బఠానీ పప్పు, ఒక ఉల్లిగడ్డ, బొక్క వేసి గంటన్నర సన్న సెగ మీద పెట్టు, సూప్ అయితది. ఉప్పు చివర్ల రుచి చూసి, అక్కరుంటేనే. పచ్చడి పెడతా అని మాత్రం మొదలుపెట్టకు, నూనె కింద తడి మాంసం బయట నిల్వ ఉంచుడు ప్రమాదం.