కొడుక్కి కొత్త బండా, సెకండ్ హ్యాండా?

ప్రశ్న: మాది హన్మకొండ. మావాడు కాలేజీలో చేరాడు, బండి కావాలని ఒకటే పోరు. కొత్తదైతే లక్ష దాకా అవుతోంది. 40 వేలకు ఒక పాత స్ప్లెండర్ చూశాం. తీసుకోవచ్చా?

జవాబు: అన్నా, నాకు ఇప్పటికి నాలుగు బండ్లు అయ్యాయి. మొదటిది నాన్న వాడిన సీడీ 100. రెండోది సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 100. సోకు కోసమే కొన్నాను, అబద్ధమెందుకు! టూ స్ట్రోక్ బండి, ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది. అందులో ఆయిల్ అయిపోయింది చూసుకోక ములుగు రోడ్డులో పిస్టన్ పట్టేసింది. ఎండలో ఆత్మకూరు దాకా తోసుకుంటూ వచ్చాను. మూడోది 2004లో కొత్త స్ప్లెండర్, ఏపీ 36 నంబర్. 2019లో ఆర్సీ రెన్యువల్ చేయించాను, ఇప్పటికీ పొలానికి అదే. నాలుగోది మళ్లీ పాతదే. చూడ్డానికి పోతే ఒక్క కిక్కుకే స్టార్టయింది, మురిసిపోయాను. తెల్లారి మా ఇంటి దగ్గర పది కిక్కులైనా లేవలేదు. నేను వెళ్లేలోపే అమ్మినాయన ఇంజన్ వేడి చేసి పెట్టాడన్నమాట. అందుకే చెప్పకుండా పొద్దున్నే వెళ్లు, ముందు సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించు.

ఇంకో జవాబు: బండి మీ పేరు మీదకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు కాకుండా డబ్బులివ్వకండి. లోన్ బండైతే ఆర్సీలో లోన్ ఎంట్రీ తీసేయించే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ కూడా అడగండి.

అడిగినవారు: పొద్దున ఆరింటికే వెళ్లాం. సైలెన్సర్ వెచ్చగా ఉంది! చాయ్ కూడా తాగకుండా వచ్చేశాం.